పసుపు పూసిందల్లా తంగేడు కాదు

వానలు తగ్గుముఖం పట్టిన ఈ రోజుల్లో ముదిగొండ చుట్టుపక్కల ఊళ్ళలో సాయంత్రం నడకంత హాయి ఇంకొకటి లేదు. అసర్ నమాజు అయ్యాక బయల్దేరితే మగ్రిబ్ వేళకు ఇల్లు చేరేలోపు చెరువు కట్టో, సాగర్ కాలువ గట్టో ఓ చుట్టు తిరిగి రావచ్చు. అటు పత్తి చేలు, ఇటు మిరప తోటలు, మధ్యలో గట్టు నిండా పూలే. వెంట పిల్లలుంటే ఊరుకోరు. "అబ్బా, ఇదేం పువ్వు?" అని పది అడుగులకోసారి అడుగుతారు. మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "పిచ్చి మొక్క బేటా, వదిలెయ్."

ఆ జవాబుతోనే చిక్కు. గట్టు మీది 'పిచ్చి మొక్కల్లో' కూర వండుకునేవి ఉన్నాయి, హకీములు మందుకు వాడేవి ఉన్నాయి, చిన్నపిల్లల్ని రెండు మూడు రోజుల్లో ఆస్పత్రి పాలు చేసేవీ ఉన్నాయి. పేరు తెలియకపోతే ఏది ఏదో పిల్లలకు ఎలా తెలుస్తుంది? ముఖ్యంగా పసుపు పూల దగ్గర పెద్దవాళ్ళు కూడా పొరపడతారు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం పసుపు పూల గురించే.

ముందుగా ఒక మాట. మొక్కను పువ్వు రంగు చూసి గుర్తుపట్టడం అలవాటైతే తప్పకుండా మోసపోతాం. పువ్వు మన చూపును లాగుతుంది, నిజం చెప్పేది మాత్రం ఆకు, కాయ, నలిపితే వచ్చే వాసన, తుంచితే కారే పాలు. పది రకాల మొక్కలు అదే పసుపు రంగులో, అవే అయిదు రేకులతో పూస్తాయి. ఆకుల జతలు లెక్కపెడితే చాలావరకు తేలిపోతుంది.

తంగేడు: చెవులున్న చెట్టు

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. 2014లో కొత్త రాష్ట్రం తన చిహ్నాలను ప్రకటించినప్పుడు జింక, పాలపిట్ట, జమ్మి చెట్టుతో పాటు దీన్నీ ఎంచుకున్నారు. బతుకమ్మ రోజుల్లో ఇరుగుపొరుగు ఆడపిల్లలు గునుగుతో పాటు ముందుగా వెతికే పువ్వు ఇదే. పూలు కోసుకొచ్చే గుంపులో మన పిల్లలూ ఉంటారు, అది మన ఊళ్ళలో కొత్తేమీ కాదు. ఉర్దూలో దీన్ని తర్వర్ అంటారు. ఇళ్ళల్లో దాదీ, నానీల వయసువాళ్ళను అడిగితే ఈ పేరు చెబుతారు, పిల్లలకు మాత్రం రెండు భాషల్లోనూ తెలియకుండా పోతోంది.

నిలువెత్తు పొద. కొమ్మల బెరడు గోధుమ రంగులో నున్నగా ఉంటుంది. ఒక్కో ఆకు కాడకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులు, కొసలు మొద్దుగా ఉంటాయి. అసలైన గుర్తు ఆకు కాడ కొమ్మకు అతికే చోట ఉంటుంది. అక్కడ గుండ్రటి ఆకుపచ్చ రెక్కలు రెండు, అచ్చం చెవుల్లా, కొమ్మను పట్టుకుని కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు పెట్టిన 'సెన్నా ఆరిక్యులేటా' అనే పేరుకు అర్థం కూడా చెవులున్నదనే. పిల్లలకు ఇది చూపిస్తే మరిచిపోరు. పువ్వు లేని రోజుల్లో కూడా చెవులు చూసి తంగేడని చెప్పేస్తారు. కాయ పలచగా, కాగితంలా ఉంటుంది, ఎండితే గలగలమంటుంది.

ఈ చెట్టుకు, దక్షిణాది ముస్లింల వ్యాపారానికి ఒక పాత సంబంధం ఉంది. తోళ్ళు పదును పెట్టడానికి తంగేడు బెరడు వాడేవారు. తమిళనాడులోని వాణియంబాడి, ఆంబూరు వంటి ఊళ్ళలో తోలు పరిశ్రమను నిలబెట్టిన కుటుంబాల్లో ముస్లింలే ఎక్కువ. అక్కడ దీన్ని ఆవారం బెరడు అంటారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెట్టు బెరడు వచ్చి దీన్ని పక్కకు నెట్టింది, ఆపైన రసాయనాలు వచ్చాయి.

కసివింద: దీన్ని మాత్రం తప్పక గుర్తుపట్టాలి

తంగేడు పూసే రోజుల్లోనే, అదే గట్టు మీద, ఇళ్ళ వెనక పెంటకుప్పల పక్కన, బడి ప్రహరీ గోడ దగ్గర ఇంకో పసుపు పువ్వు మొక్క లేస్తుంది. అదే కసివింద. ఉర్దూలో కసౌందీ. శాస్త్రీయ నామం సెన్నా ఆక్సిడెంటాలిస్, అంటే తంగేడుకు దగ్గరి చుట్టం. పువ్వు తంగేడు కంటే చిన్నది, కాస్త పాలిపోయిన పసుపు. దూరం నుంచి చూస్తే ఎవరైనా తంగేడు పిల్ల మొక్క అనుకుంటారు.

దగ్గరికెళ్ళి ఆకులు లెక్కపెట్టండి. కసివిందకు ఒక కాడకు నాలుగైదు జతలు, మహా అయితే ఆరు. ఆకు కొస సూదిగా ఉంటుంది, కాడ చివరి జత అన్నింటికంటే పెద్దది. చెవులుండవు. కాడ మొదట్లో మాత్రం ఒక చిన్న ముదురు రంగు బుడిపె ఉంటుంది. ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిన కంపు. కాయ బెత్తెడు పొడవు, కొద్దిగా పైకి వంగి, ఎండినప్పుడు గోధుమ రంగులో, అంచులు మాత్రం లేత రంగులో కనిపిస్తాయి. లోపల గింజలు వరుసగా పేర్చినట్టుంటాయి. పచ్చి కాయ చూడటానికి మనం వండుకునే చిక్కుడు, బీన్స్ జాతి కాయలాగే ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

బిజ్నోర్, సహారన్‌పూర్ అనే పేర్లు ఉర్దూ చదివేవాళ్ళకు కొత్త కావు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ఈ జిల్లాల్లో ఏళ్ళ తరబడి వానాకాలం ముగిశాక ఒక వింత జబ్బు వచ్చేది. అంతవరకు బాగా ఆడుకున్న చిన్నపిల్లలు ఉన్నట్టుండి వాంతులు చేసుకుని, మగతలోకి వెళ్ళి, కొద్ది రోజుల్లోనే చనిపోయేవారు. అందరూ దీన్ని వైరస్ వల్ల వచ్చే మెదడువాపు అనుకున్నారు. బిజ్నోర్‌లోని పిల్లల వైద్యుడు విపిన్ వశిష్ఠ, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసి రిటైరైన వైరాలజిస్టు టి. జాకబ్ జాన్, మరికొందరు వైద్యులు కలిసి ఇంటింటి వివరాలు సేకరించారు. జబ్బుపడిన పిల్లల్లో చాలామంది అంతకు కొద్ది రోజుల ముందు కసివింద కాయలు తిన్నారని తేలింది. 2007లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఈ విషం కాలేయం, కండరాలు, మెదడు మూడింటినీ దెబ్బతీస్తుంది. అంటువ్యాధి కాదు, దోమ వల్ల వచ్చేదీ కాదు, ఆటల్లో తిన్న కాయ.

ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకోవద్దు. భద్రాచలం దాటి చింతూరు మీదుగా ముందుకెళ్తే ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లా వస్తుంది. మన అడవికి కొనసాగింపే అది, అక్కడా కోయలున్నారు. 2016లో వానాకాలం చివరి నుంచి చలికాలం మొదలయ్యేదాకా అక్కడ వందమందికి పైగా పిల్లలు మెదడు జబ్బుతో చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ దొరికింది. మరికొందరి విషయంలో జాకబ్ జాన్ బృందం కసివిందనే వేలెత్తి చూపింది. ఆ పిల్లల మూత్రంలో ఆ గింజల్లో ఉండే ఆంత్రాక్వినోన్ రసాయనాలు కనిపించాయి. ఒడియాలో 'చకుండా' అంటే కూర వండుకునే మొక్క. 'బడ చకుండా' అంటే కసివింద. పేరులో తేడా ఒక్క మాటే.

మన దగ్గరా ఇలాంటి జంటే ఉంది. తంటెం ఆకు, కొన్నిచోట్ల తగిరిస అంటారు, అదే ఒడియావాళ్ళ చకుండా. తొలకరి పడగానే మొలిచే దీని లేత ఆకును చాలా ఊళ్ళలో కూర వండుతారు. మోకాలెత్తు మొక్క. కాడకు మూడే జతల ఆకులు, ఆకు కొస గుండ్రంగా ఉంటుంది. కాయ సన్నగా, పొడవుగా, కొడవలిలా వంగి ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోవడానికి చిన్న లెక్క ఉంది: మూడు జతలు, గుండ్రటి కొస అయితే తంటెం. నాలుగైదు జతలు, సూది కొస, కంపు అయితే కసివింద. పది జతలు, చెవులు అయితే తంగేడు. తంటెం ఆకు కూడా తెలిసినవాళ్ళు కోసిస్తేనే వండుకోండి, గింజల జోలికి అసలే వెళ్ళొద్దు.

మీ ఇంటి ఆవరణలో, బడి దగ్గర, అంగన్‌వాడీ చుట్టూ కసివింద కనిపిస్తే కాయ పట్టకముందే పీకేయండి. లేత మొక్కైతే, వానకు నేల మెత్తబడ్డప్పుడు చేత్తోనే వచ్చేస్తుంది. దీన్ని యునానీ, ఆయుర్వేదం రెండింటిలోనూ మందుగా వాడతారన్న సంగతి నిజమే. అది వైద్యుడి చేతిలో ఉండాల్సిన పని, రెండేళ్ళ పిల్లాడి నోట్లో కాదు.

సనా మక్కీ అంటే మన తంగేడు ఆకు కాదు

పై మొక్కలన్నింటి ఇంటిపేరు 'సెన్నా'. ఆ మాట అరబీ 'సనా' నుంచే లాటిన్‌లోకి వెళ్ళింది. తిబ్బె నబవీ పుస్తకాల్లో చోటున్న ఆ సనా మక్కీని మన ఇళ్ళల్లో మలబద్ధకానికి వాడటం మామూలే. తెలుగులో దాన్ని సునాముఖి అంటారు, ఇంకో పేరు నేలతంగేడు. ఈ రెండో పేరు తెచ్చిపెట్టే తంటా అంతా ఇంతా కాదు. 'నేలతంగేడు ఆకు' అని ఎవరో చెబితే, గట్టు మీద తంగేడు ఆకు కోసుకొచ్చి నీడన ఎండబెట్టి కషాయం కాచుకునేవాళ్ళున్నారు.

రెండూ వేర్వేరు మొక్కలు. సనా ఆకు సన్నగా, కొస మొనదేలి ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో సాగు చేస్తారు, అందుకే మార్కెట్లో దానికి 'తిరునెల్వేలి సెన్నా' అని పేరు. దాని విరేచనకారి గుణం తంగేడు ఆకులో ఉండదు. వ్యాపారులు సనాలో తంగేడు ఆకు కల్తీ కలపడం పాత సంగతే, మందుల శాస్త్ర గ్రంథాల్లో దీని గురించి హెచ్చరికలు కూడా ఉన్నాయి. ఇంకా ఘోరం ఏమిటంటే, తంగేడు అనుకుని కసివింద ఆకు తెచ్చుకోవడం. సనా కావాలంటే నమ్మకమైన అత్తారు దుకాణంలో కొనండి, లేదా యునానీ ఆస్పత్రిలో అడగండి. అసలు సనా కూడా గర్భిణులకు, చిన్నపిల్లలకు వైద్యుడిని అడగకుండా ఇవ్వకూడదు.

మిగతా పసుపు పూలు

ఇవి త్వరగా చెప్పేస్తాను. సాయంత్రం నడకలో తప్పకుండా కనిపించేది తుత్తురుబెండ. ఆకు హృదయం ఆకారంలో, మఖమల్ ముట్టుకున్నట్టు మెత్తగా ఉంటుంది. నారింజ కలిసిన పసుపు పువ్వు పొద్దు వాలుతుంటే విచ్చుకుంటుంది, కాబట్టి అసర్ తర్వాతి నడకకు సరిగ్గా సరిపోతుంది. కాయ చక్రంలా, అంచున పళ్ళతో ఉంటుంది. తెలుగువాళ్ళు దువ్వెనకాయ అన్నారు, ఉర్దూవాళ్ళు కంఘీ అన్నారు. రెండు భాషలకూ ఒకే పోలిక తోచింది.

నేల మీద పాకుతూ, కాలికి ముల్లు గుచ్చేది పల్లేరు, అదే గోఖ్రూ. మెత్తటి కాడ మీద ఒక్కటే పువ్వు, చుట్టూ లేత రేకులు, మధ్యలో పసుపు బొట్టులా ఉంటే గడ్డి చామంతి. ఆకు నిండా ముళ్ళు, తుంచితే పసుపు పాలు కారితే అది బలురక్కసి. దీని గింజలు ఆవాల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆవ నూనెలో ఈ గింజల నూనె కలిసి ఎందరో కాళ్ళు వాచి, ఊపిరాడక మంచాన పడ్డారు, కొందరు చనిపోయారు.

ఇక పచ్చగన్నేరు. ఇది అడవి మొక్క కాదు, మనమే ఇంటి ముందు, రోడ్ల పక్కన అందానికి పెంచుతాం. పీలీ కనేర్ అన్నా ఇదే. గంటలా ఉండే పసుపు పువ్వు, సన్నటి పొడవాటి ఆకు, ఎక్కడ తుంచినా తెల్లటి పాలు. కాయలోని గింజ గుండె మీద పనిచేసే విషం. పిల్లలు ఆ కాయలతో గోళీలాట ఆడుతుంటారు. ఇల్లు కట్టుకునేటప్పుడు ప్రహరీ పక్కన వేరే చెట్టేదైనా పెట్టుకోవచ్చు కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పసుపు కానివి, జాగ్రత్త పడాల్సినవి

కంచెల మీద, తుప్పల్లో ఎగబాకే నాభి పువ్వు చూస్తే ఎవరైనా ఆగిపోతారు. ఆరు రేకులు మంటల్లా పైకి లేచి, కింద పసుపు, పైన ఎరుపు. ఉర్దూలో కలిహారీ. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. గుర్తు ఏమిటంటే ఆకు కొస చుట్టుకుపోయి తీగలా పక్క మొక్కను పట్టుకుంటుంది. దుంప చిలగడదుంపలాగే కనిపిస్తుంది, కానీ దానిలో కోల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఫొటో తీసుకోండి, దుంప తవ్వొద్దు.

ఉమ్మెత్త అందరికీ తెలిసిందే, పైకి చూసే బాకా పువ్వు, ముళ్ళ కాయ. తింటే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మతిభ్రమ కలుగుతుంది. గురిగింజ గురించి మాత్రం మనవాళ్ళు ఆలోచించాలి. కంసాలులు బంగారం తూచిన 'రత్తీ' ఇదే. ఎర్రటి ఒంటి మీద నల్లటి కన్ను, పిల్లలకు భలే ఇష్టం. పెంకు గట్టిది కాబట్టి మామూలుగా మింగినా చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది, కానీ నమిలినా, పూసగా గుచ్చడానికి రంధ్రం చేసినా లోపలి విషం బయటపడుతుంది. గురిగింజల దండలు పిల్లల మెడలో వేయకండి.

ఎవరైనా పిల్లలు తెలియని కాయ తింటే నోట్లో మిగిలింది తీసేయండి, నీళ్ళతో పుక్కిలించండి. బలవంతంగా వాంతి చేయించొద్దు, ఉప్పు నీళ్ళు తాగించొద్దు. 108కు ఫోన్ చేయండి. అన్నింటికంటే ముఖ్యం, ఆ మొక్క కొమ్మను ఆకు, కాయతో సహా ఒక కవర్లో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళండి. 'ఏదో పిచ్చి కాయ' అంటే డాక్టరుకు ఉపయోగం లేదు, కొమ్మ చూపిస్తే సగం పని అయినట్టే. కసివింద విషయంలో లక్షణాలు వెంటనే కనిపించకపోవచ్చు, కాబట్టి 'బాగానే ఉన్నాడు కదా' అని ఇంట్లో ఉండిపోవద్దు.

విషం కాకపోయినా బాధపెట్టేది వయ్యారిభామ. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న చిన్న తెల్లటి పూలు. పిల్లలు గుత్తులు కట్టి ఆడుకుంటారు, చర్మం దద్దుర్లు ఎక్కుతుంది, ఆయాసం ఉన్నవాళ్ళకు ఎక్కువవుతుంది. కోయడానికి, పీకడానికి ఉత్త చేతులు పెట్టొద్దు.

ఫోన్‌తో గుర్తుపట్టడం

గూగుల్ లెన్స్, ఐనాచురలిస్ట్ వంటివి బాగానే పనికొస్తాయి, కానీ పువ్వొక్కదాన్నే దగ్గరగా ఫొటో తీస్తే తంగేడుకు, కసివిందకు తేడా చెప్పలేక తడబడతాయి. నాలుగు ఫొటోలు తీయండి: మొక్క మొత్తం, ఆకు మొత్తం కాడతో సహా, కాయ, చివరగా పువ్వు. ఆకు కొమ్మకు అతికిన చోటు కనిపించేలా ఒకటి తీస్తే ఇంకా మంచిది. యాప్ చెప్పిన పేరు నమ్మి ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. ఇంట్లో ఒక పాత నోటుపుస్తకం పెట్టి, ప్రతి మొక్కకు తెలుగు పేరు, ఉర్దూ పేరు, చూసిన నెల పిల్లల చేత రాయించండి. ఉర్దూ పేరు కోసం నానీకి ఫోన్ చేయాల్సి వస్తుంది, అదీ మంచిదే.

ఒక హెచ్చరిక. ముదిగొండ వైపు పత్తికి, మిరపకు మందులు బాగా కొడతారు. చేను గట్టు మీది పువ్వును మంచి మొక్కైనా సరే రుచి చూడొద్దు, ఇంటికి రాగానే చేతులు కడగండి.

అడవి వైపు వెళ్ళేవాళ్ళకు

ముదిగొండలో ఉన్నది పొలాల మధ్య మిగిలిన పచ్చదనం. అసలు అడవి చూడాలంటే కొత్తగూడెం, పాల్వంచ దాటి కిన్నెరసాని వైపు, ఆపైన భద్రాచలం వైపు వెళ్ళాలి. దానికి సరైన కాలం వానాకాలం చివర కాదు, ఎండలు మొదలయ్యే ముందు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలిన మోదుగ కొమ్మల నిండా నారింజ పూలు ఉంటాయి. హకీముల 'గులే టేసూ' అదే. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్ప చెట్ల కింద కోయ ఆడవాళ్ళు రాలిన పూలు ఏరుతుంటారు. అది వాళ్ళ తిండి, వాళ్ళ ఆదాయం. ఆ చెట్టు కింద దుప్పటి పరిచి కూర్చునే ముందు వాళ్ళను అడగండి. ఏప్రిల్ తర్వాత రేల గుత్తులు, ఉర్దూలో అమల్తాస్, బారెడు నల్లటి కాయలతో పాటే వేలాడుతుంటాయి. ఇదీ పసుపే, కానీ ఇది చెట్టు, పూలు గొలుసుల్లా కిందికి జారుతాయి, కాబట్టి తంగేడుతో పొరపడే అవకాశం లేదు.

కిన్నెరసాని అభయారణ్యం లోపల పువ్వైనా, కొమ్మైనా కోయడం చట్టరీత్యా నేరం. అక్కడ ఫొటోతోనే సరిపెట్టుకోవాలి. నోటుపుస్తకంలో అతికించే ఆకులు ముదిగొండ గట్ల మీద దొరికేవే చాలు.